పిల్లల ఆకలి, అరుగుదలపై ఒత్తిడి ప్రభావం: బెంగళూరు సందర్భం

పరీక్షలు, బడి అంటే భయం, ఇంట్లో తగాదాలు, ఊరు మారడం, నిద్ర చాలకపోవడం వంటి కారణాలతో పిల్లల మీద పడే ఒత్తిడి మనసు దగ్గరే ఆగదు. ఆకలి, తినే తీరు, జీర్ణాశయం కదలిక, మలవిసర్జన అన్నీ దాంతో మారతాయి. బొడ్డు చుట్టూ పదేపదే వచ్చే నొప్పి, వికారం, వాంతులు, మలబద్ధకం, పల్చటి విరేచనాలు, అన్నం సయించకపోవడం ఒకవైపు కనిపిస్తే, ఆకలి లేకపోయినా ఏదో ఒకటి నములుతూ ఉండడం మరోవైపు కనిపిస్తుంది. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి పరీక్షలు చేసినా పేగుల్లో పుండు గానీ వాపు గానీ బయటపడదు. వైద్యులు వీటిని క్రియాత్మక జీర్ణ సమస్యలంటారు. అవయవం బాగానే ఉంటుంది. అది పనిచేసే తీరులో, నొప్పిని మోసే నాడుల్లో తేడా వస్తుంది. పిల్లలు నాటకమాడుతున్నారన్న అర్థం ఆ మాటలో లేదు. ఉందనుకునే పెద్దలు మాత్రం చాలామందే ఉన్నారు.

ఈ సమస్య ఏ ఒక్క ఊరికో పరిమితం కాదు. అయితే దీన్ని అన్ని వైపుల నుంచీ చూడడానికి బెంగళూరు అనువైన చోటు. 1974లో ఏర్పడిన జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్), అందులోని పిల్లల మానసిక వైద్య విభాగం ఇక్కడే ఉన్నాయి. ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఉన్నదీ ఇక్కడే. బడిపిల్లల మధ్యాహ్న భోజనంపై దేశమంతా వినిపించిన వాదోపవాదాల్లో కొన్ని ఇక్కడ పుట్టాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ అపార్ట్‌మెంట్లలోనూ, అలాంటి అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల రేకుల షెడ్లలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, చాలామందికి తరగతిలో ఇంగ్లిషు. కొత్త బడిలో మరుగుదొడ్డికి వెళ్తానని ఏ భాషలో అడగాలో తెలియక బిగబట్టుకు కూర్చునే ఆరేళ్ల పిల్లకు అది చిన్న ఒత్తిడేమీ కాదు.

భయం వేస్తే కడుపులో ఏం జరుగుతుంది?

ఈ సంబంధాన్ని కళ్లారా చూసి రాసిపెట్టినవారిలో అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ముందువరసలో ఉంటారు. 1822లో తుపాకి దెబ్బకు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టకు పడిన రంధ్రం పూర్తిగా పూడలేదు. అందులోంచి జీర్ణాశయం లోపలికి చూస్తూ బోమాంట్ ఏళ్లపాటు రాసుకున్న విషయాలు 1833లో పుస్తకంగా వచ్చాయి. మనిషికి కోపం వస్తే జీర్ణాశయం లోపలి పొర తీరు, రసాల ఊట మారడం ఆయన గమనించారు. ఆ శతాబ్దం చివర్లో వాల్టర్ కానన్ కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో పిల్లుల అరుగుదలను పరిశీలించారు. పిల్లి బెదిరినప్పుడల్లా జీర్ణాశయం కదలికలు నిలిచిపోయాయి.

పసిపిల్లల విషయంలో గట్టి ఆధారం 1950లలో అమెరికాలోని రోచెస్టర్ నుంచి వచ్చింది. అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన ఒక పాపకు పొట్టకు గొట్టం అమర్చి దాని ద్వారానే పాలు పోసేవారు. వైద్య గ్రంథాల్లో ఆమె పేరు మోనికా. తనకు ఇష్టమైన వైద్యుడు దగ్గరికి వస్తే ఆమె జీర్ణాశయంలో ఆమ్లం బాగా ఊరేది. ముఖం తెలియనివారు వచ్చి నిలబడితే పాప ముడుచుకుపోయేది, ఆమ్లం ఊరడమూ దాదాపు ఆగిపోయేది. జార్జ్ ఎంగెల్ బృందం దీన్ని కొలిచి మరీ నమోదు చేసింది. ఇంకా మాటలు రాని వయసు అది. అందుకే ఈ విషయంలో పిల్లలు నటిస్తారన్న వాదనకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

ఆ తర్వాత రసాయనాల సంగతి తెలిసింది. భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే సీఆర్ఎఫ్ అనే పదార్థాన్ని 1981లో వైలీ వేల్ బృందం గుర్తించింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడానికి ఇదే మొదటి మెట్టు. దీనికి ఇంకో పని కూడా ఉంది. ఇది జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తుంది, పెద్దపేగును మాత్రం తొందరపెడుతుంది. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ ఒక్క ముక్క మింగుడుపడని పిల్లవాడే రెండుసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తడం ఇందువల్లే. పైన ఆగిపోయింది, కింద పరుగు మొదలైంది.

రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. మెదడుకూ పేగులకూ మధ్యనుండే వేగస్ నాడిలోని పోగుల్లో సుమారు 80 శాతం పేగుల కబురును పైకి మోసేవే. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. ఒకసారి తీవ్రమైన విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గాక కొందరు పిల్లల్లో ఈ నాడులు అతి సున్నితమవుతాయి. మామూలు గ్యాసు, మామూలు కదలిక కూడా వారికి నొప్పిగానే అందుతుంది. దానికి బడి భయం తోడైతే ఆ నొప్పి త్వరగా వదలదు.

వుప్పర్టాల్‌లో రెండు ఆశ్రమాలు

తిండి ఎంత పెట్టినా పిల్లల ఒంటికి పట్టకపోవడానికి వాతావరణమే కారణం కాగలదని తేల్చిన పరిశీలన రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీలో జరిగింది. కథలా చెప్పుకోదగ్గది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ 1948లో వుప్పర్టాల్ పట్టణంలోని రెండు అనాథాశ్రమాలను ఎంచుకున్నారు. ఒక్కోదానిలో యాభైమంది దాకా పిల్లలు, వయసు 4 నుంచి 14 ఏళ్ల లోపు. మొదటి ఆరు నెలలు రెండింటికీ ప్రభుత్వ రేషనే. తర్వాతి ఆరు నెలలు ఒక ఆశ్రమానికి రేషన్‌తో పాటు అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం. అదనపు తిండి ఏమేరకు బరువు పెంచుతుందో చూడడం ఉద్దేశం.

లెక్క తారుమారైంది. మొదటి ఆరు నెలల్లో తిండి ఒకటే అయినా ఒక ఆశ్రమం పిల్లలు రెండోవారికంటే బాగా బరువు పెరిగారు. అదనపు తిండి కూడా వారికే మొదలైంది. సరిగ్గా అప్పుడే వారి పెరుగుదల మందగించింది. ఏమీ అదనంగా అందని రెండో ఆశ్రమం పిల్లలు పుంజుకున్నారు. ఆరా తీస్తే తెలిసిందేమంటే, మొదట రెండో ఆశ్రమాన్ని నడిపిన శ్వార్ట్స్ అనే పెద్దావిడ, తిండి మార్చిన రోజుల్లోనే మొదటి ఆశ్రమానికి బదిలీ అయ్యారు. అందరి ముందు పిల్లలను తిట్టడానికి ఆమె ఎంచుకునే సమయం భోజనవేళ. తిట్లు పూర్తయ్యేసరికి సూప్ చల్లారిపోయేది, ఒకరి తర్వాత ఒకరు ఏడుపు మొదలుపెట్టేవారు. ఆమెకు ఇష్టమైన పిల్లలు ఎనిమిదిమంది ఉండేవారు. ఆమెతో పాటే వారూ ఆశ్రమం మారారు. వారి బరువు మాత్రం ఎక్కడున్నా బాగానే పెరిగింది.

1951లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఈ వ్యాసానికి ఒక పరిమితి ఉంది. పిల్లలు తక్కువ తిన్నారా, తిన్నది అరగలేదా అన్నది బరువు లెక్కలు చెప్పలేవు. 1967లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు వివరించిన 13 మంది పిల్లల ఉదంతం ఇంకాస్త ముందుకు వెళ్లింది. తీవ్రమైన కలహాల ఇళ్లలో పెరిగిన ఆ పిల్లల ఎదుగుదల నిలిచిపోయింది, ఎదుగుదల హార్మోన్ కూడా తగ్గింది. ఇంటికి దూరంగా ఉంచగానే ప్రత్యేక మందులేవీ లేకుండానే తిరిగి ఎదిగారు.

ఏడింటి బస్సు

బెంగళూరు పిల్లల కడుపు బాధల్లో పెద్ద వాటా మలబద్ధకానిదే అయి ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దానికి మూలం పీచు తక్కువైన తిండి ఒక్కటే కాదు, పొద్దుటి హడావుడి కూడా. తిన్న తర్వాత కొద్దిసేపటికి, ముఖ్యంగా పొద్దుటి తిండి తర్వాత, పెద్దపేగు బలంగా కదులుతుంది. మలవిసర్జనకు శరీరం తనంత తాను ఇచ్చే అవకాశం అది. సరిగ్గా ఆ అరగంటా ఈ నగరంలో చాలామంది పిల్లలు స్కూలు బస్సులో ఉంటారు. టామ్‌టామ్ సంస్థ 2022 లెక్కల్లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు దాటడానికి సగటున 29 నిమిషాలు పట్టింది. ఆ ఏడాది ప్రపంచంలో లండన్ తర్వాత అంత నెమ్మది ఈ నగరానిదే. రద్దీ తగ్గించేందుకు బడి వేళలు మార్చే సంగతి ఆలోచించమని కర్ణాటక హైకోర్టు సూచించడంతో 2023లో విద్యాశాఖ సమావేశం పెట్టింది. ఇంకా ముందుకు జరిపితే పిల్లలు తినకుండా, నిద్ర చాలకుండా వస్తారని బడుల యాజమాన్యాలు, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సబబైనదే.

బస్సులో బిగబట్టిన పిల్లలు బడిలోనూ బిగబడతారు. మరుగుదొడ్డి వాసన, విరిగిన గడియ, బయట నిలబడి నవ్వే తోటిపిల్లలు, క్లాసు మధ్యలో పంపని టీచరు, కారణం ఏదైనా కావచ్చు. కొందరు ఆ అవసరమే రాకుండా నీళ్లు తాగడం మానేస్తారు. పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి వస్తుంది. లోపల ఆగిన మలం గట్టిపడి, విసర్జించేటప్పుడు నొప్పి పుట్టిస్తుంది. ఆ నొప్పికి జడిసి మరింత బిగబడతారు. వారాలు గడిచేకొద్దీ పురీషనాళం సాగిపోయి, నిండిందన్న కబురే మెదడుకు అందదు. చివరికి గట్టి మలం పక్కనుంచి పల్చటిది తెలియకుండానే కారి లోదుస్తులకు అంటుతుంది. తల్లిదండ్రులు దాన్ని విరేచనాలనుకుని ఆపే మందు వేస్తారు, లేదా ఇంత వయసొచ్చి సిగ్గులేదా అని తిడతారు. రెండూ హాని చేసేవే. దీనికి వైద్యం మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలీన్ గ్లైకాల్ వంటి మందును వైద్యుని సలహాతో నెలల తరబడి వాడడం, రోజూ తిన్నాక అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టడం. పాశ్చాత్య పద్ధతి సీటు అయితే కాళ్లు వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి.

బడిరోజుల కడుపునొప్పి

సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నే వచ్చి, బస్సు వెళ్లిపోయాక తగ్గి, శనాదివారాల్లో జాడ లేకుండా పోయే నొప్పిని పిల్లల వైద్యులందరూ ఎరుగుదురు. దీనిపై తొలి పెద్ద అధ్యయనం బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో జరిగింది. జాన్ ఆప్లీ, నోరా నైష్ 1958లో వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలిస్తే 10.8 శాతం మందికి మూడు నెలల్లో కనీసం మూడుసార్లు ఆటపాటలు మాన్పించేంత నొప్పి వచ్చింది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే శారీరక వ్యాధి ఉండే అవకాశం అంత ఎక్కువన్న ఆప్లీ సూత్రాన్ని వైద్య విద్యార్థులకు ఇప్పటికీ చెబుతారు. 2016 నాటి రోమ్ ప్రమాణాల ప్రకారం నెలకు కనీసం నాలుగుసార్ల చొప్పున రెండు నెలలు నొప్పి ఉంటేనే క్రియాత్మక కడుపునొప్పిగా లెక్కిస్తారు.

బెంగళూరు పిల్లల మానసిక ఆరోగ్యంపై నిమ్హాన్స్‌కు చెందిన శోభా శ్రీనాథ్ బృందం చేసిన సర్వే 2005లో వెలువడింది. నగర మధ్యతరగతి, మురికివాడలు, పల్లెల నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలు 2,064 మందిని తీసుకున్నారు. 4 నుంచి 16 ఏళ్లవారిలో 12 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది తేలింది. మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువగా కనిపించినవాటిలో తినకూడనివి తినే అలవాటు ఒకటి. మట్టి, గోడ సున్నం, బలపాలు నమిలే పిల్లలు మన ఇళ్లలోనూ కొత్తేమీ కాదు. అయితే దీన్ని నేరుగా మనసుకు ముడిపెట్టడం తొందరపాటే. ఇనుము లోపం ఉన్న పిల్లల్లో ఈ అలవాటు ఎక్కువ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత కర్ణాటకలో 65.5 శాతం, తెలంగాణలో 70 శాతం. ముందు హిమోగ్లోబిన్ చూసి, ఆ తర్వాతే మిగతా మాట.

పక్కనున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల నుంచి 2007లో వచ్చిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. అక్కడి పిల్లల మానసిక వైద్య విభాగానికి తిండి సమస్యలతో వచ్చినవారిలో అత్యధికులు సన్నబడాలని అన్నం మానేసినవారు కాదు; శారీరక కారణం లేకుండా మానసిక కారణాలతో వాంతులు చేసుకుంటున్నవారు. తిండి రుగ్మత అనగానే పాశ్చాత్య పుస్తకాల్లోని బక్కచిక్కిన అమ్మాయి బొమ్మ గుర్తుకొచ్చే మన వైద్యులకు ఇది పనికొచ్చే హెచ్చరిక.

పరీక్షల సంగతి వేరే చెప్పాలి. పదేళ్ల పిల్లలకూ బోర్డు తరహా పరీక్ష పెట్టాలన్న కర్ణాటక నిర్ణయం 2023-24లో కోర్టుకెక్కింది. 5, 8, 9 తరగతుల పరీక్షలు మార్చిలో మొదలై, కోర్టు ఆదేశాలతో మధ్యలో ఆగి, మళ్లీ జరిగాయి. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫలితాలను నిలిపివేసింది. పరీక్ష ఉందో లేదో తెలియని స్థితి పరీక్షకంటే కష్టం.

ఆకలి లేకుండా తినడం

ఒత్తిడి కొద్దిసేపే ఉంటే ఆకలి చచ్చిపోతుంది. వారాల తరబడి సాగితే కార్టిసాల్ ఎక్కువగా ఉండి తీపి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుంది. ట్యూషన్‌కూ ట్యూషన్‌కూ మధ్య అయ్యంగార్ బేకరీలో పఫ్, ఖారా బన్ తిని, రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం వద్దని, పదకొండింటికి మళ్లీ చిప్స్ ప్యాకెట్ విప్పే పదో తరగతి పిల్లలు ఇక్కడ ఇంటింటా ఉంటారు. బేకరీని నిందించి లాభం లేదు. ఆ వేళకు వారికి అందుబాటులో ఉన్న ఆసరా అదొక్కటే. ఏడుపు మాన్పడానికి చాక్లెట్, మార్కులకు బహుమతిగా పిజ్జా ఇవ్వడం చిన్నప్పటి నుంచే తిండిని ఊరడింపుగా అలవాటు చేస్తుంది.

పళ్లెం చుట్టూ రాజకీయం

పేద పిల్లలకు తిండి లేకపోవడమే ఒత్తిడి. వారి నొప్పిని మనసు ఖాతాలో వేసే ముందు ఆకలి, నులిపురుగులు, కలుషిత నీరు గుర్తుకు రావాలి. బెంగళూరులో 2000 సంవత్సరంలో అయిదు ప్రభుత్వ బడుల్లో 1,500 మంది పిల్లలతో మొదలైన అక్షయపాత్ర సంస్థ మధ్యాహ్న భోజనం తర్వాత ఎన్నో రాష్ట్రాలకు విస్తరించింది. ఉల్లి, వెల్లుల్లి లేని ఆ వంట పిల్లలకు రుచించక తక్కువ తింటున్నారని ఆహార హక్కు కార్యకర్తలు 2018-19లో విమర్శించారు. పోషకాల లెక్క నిబంధనలకు సరిపోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. పళ్లెంలో వడ్డించిన పోషకాలు వేరు, పిల్లవాడి కడుపులోకి వెళ్లినవి వేరు. గుడ్డు పెట్టడంపైనా గొడవ జరిగి, చివరికి గుడ్డు, వద్దనేవారికి అరటిపండు లేదా చిక్కీ అన్న పద్ధతి రాష్ట్రమంతా వచ్చింది. 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో అది వారానికి ఆరు రోజులకు పెరిగింది.

తినిపించే తీరు

బూచోడి పేరు చెప్పడం, సెల్‌ఫోన్ ముందు పెట్టి ముద్దలు కుక్కడం, ఆఖరి మెతుకు దాకా తినమని బలవంతపెట్టడం మన ఇళ్లలో ప్రేమ కిందే లెక్క. బలవంతపెట్టిన పిల్లలు ఆ పదార్థాన్ని తక్కువ తిని, దాని మీద అయిష్టం పెంచుకుంటారని అమెరికాలో లియాన్ బర్చ్ బృందం 2006లో సూప్ మీద చేసిన ప్రయోగం చూపింది. మన దగ్గర జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 పల్లెల్లో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. కొందరు తల్లులకు ఏం పెట్టాలో మాత్రమే నేర్పారు. మరికొందరికి బిడ్డ ఆకలి సైగలు గమనించి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. రెండు చోట్లా పిల్లలు మెరుగ్గా తిన్నారు. పొడవు మొదటి జట్టులో పెరిగింది, మానసిక వికాసం రెండో జట్టులో బాగా కనిపించింది. నెమ్మదిగా తినిపిస్తే అన్నీ సమకూరుతాయని ఈ ఫలితం చెప్పడం లేదు. అయినా, తినిపించే తీరు పట్టించుకోదగ్గ విషయమేనని చెబుతోంది.

నిర్ధారణ, వైద్యం

నొప్పితో రాత్రి నిద్రలేవడం, బరువు తగ్గడం, పొడవు పెరగకపోవడం, మలంలో రక్తం, ఆకుపచ్చటి వాంతులు, విడవని జ్వరం, కీళ్లనొప్పులు, మింగేటప్పుడు బాధ, బొడ్డుకు దూరంగా ఒకేచోట నొప్పి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒత్తిడి అని సరిపెట్టుకోకూడదు. క్షయ, పేగుపూత, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటివి ఉన్నాయేమో చూడాలి. దిష్టి తీయడం వల్ల ఏ నష్టమూ లేదు, తీశాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే. ఇవేవీ లేనప్పుడు స్కాన్ మీద స్కాన్ తీయించడం వల్ల పిల్లల భయం పెరగడం తప్ప ప్రయోజనం లేదు.

పదేపదే నొప్పెలా ఉందని అడగడం గురించి లిన్ వాకర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం ఆసక్తికరమైనది. తల్లిదండ్రులు నొప్పి గురించే మాట్లాడితే పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. మాట మళ్లిస్తే తగ్గాయి. మాట మళ్లించడం కఠినత్వమేమోనని తల్లిదండ్రులు జంకారు గానీ పిల్లలకు అదే హాయిగా అనిపించింది. ఆలోచన, ప్రవర్తన మార్చే మానసిక చికిత్స ఫలితమిస్తుంది. కడుపు మీద దృష్టి నిలిపే హిప్నోసిస్‌తో నెదర్లాండ్స్‌లో 2007లో 85 శాతం పిల్లలకు ఏడాది తర్వాత నొప్పి పోయింది. మామూలు వైద్యంతో 25 శాతానికే. అది నేర్చినవారు మన దగ్గర అరుదు. మందుల విషయంలో ఇంత గట్టి ఆధారం లేదు; పెద్దలకు రాసే అమిట్రిప్టిలిన్ 2009 నాటి ప్రయోగంలో పిల్లలకు ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు. నొప్పి ఉన్నా బడికి పంపడం, బడిలో భయపెడుతున్నదేమిటో కనుక్కుని దాన్ని సరిచేయడం రెండూ కలిసి సాగాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే అది వైద్యం కాదు, శిక్ష.

నిమ్హాన్స్ ప్రధాన కేంద్రంగా 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.